తొమ్మిది చేతుల లెక్క

మా లైనులో పనిచేసేది ఐదుగురం. ఐదుగురికీ కలిపి చేతులు తొమ్మిది. ఈ మాట చెబితే కొత్తవాళ్లు ముందు నవ్వుతారు, తరవాత సంగతి అర్థమై నాలిక కరుచుకుంటారు. కరుచుకోనక్కర్లేదు. ఆ పదో చెయ్యి ఎవరికి లేదో ఆ పెద్దమనిషే అందరికన్నా గట్టిగా నవ్వుతాడు.

ఆయన్ని మేమంతా బాబాయ్ అంటాం. మేనేజరు ఆయనకన్నా రెండేళ్లు పెద్ద, అయినా బాబాయ్ అనే పిలుస్తాడు. పిలవగా పిలవగా అది ఆయన ఉద్యోగం పేరైపోయింది.

మాది అట్టపెట్టెల ఫ్యాక్టరీ. ఒక చివర కాగితం చుట్టలు ఎక్కిస్తే, ఆ కాగితం వేడి రోలర్ల మధ్య నలిగి, ముడతలు పడి, జిగురు పూసుకుని, ఇంకో చివర దళసరి అట్టగా బయటికి వస్తుంది. ఒక్కో రోలరు మనిషి నడుమంత లావుంటుంది. రెండింటి మధ్య సందులో కాగితం తప్ప ఇంకేదీ పట్టదు. కానీ ఏది అందించినా కాదనకుండా లాక్కుంటాయి.

వారానికోసారి, శనివారం పొద్దున, లైను మొత్తం ఆపి శుభ్రం చేస్తాం. ఫిట్టరు నట్లు, బేరింగులు చూసుకుంటాడు. జిగురు చూసే వదిన ఎండిపోయిన జిగురు గీకుతుంది. బెల్టు అతను బెల్టులు బిగిస్తాడు. నేను చైన్లకీ పళ్ల చక్రాలకీ గ్రీజు పెడతాను. బాబాయ్ లైను నడిపే మీట దగ్గర ఉంటాడు. మా ఫ్యాక్టరీలో ఇన్నేళ్లలో ఎవరికి దెబ్బ తగిలినా, ఆ శనివారాల్లోనే తగిలింది. లైను నడిచేటప్పుడు అందరికీ భయం ఉంటుంది, ఎవరి దూరంలో వాళ్లుంటారు. ఆగిపోయిందంటే చాలు, ఇంట్లో బీరువాలాగా కనిపిస్తుంది. చెయ్యి ఎక్కడ పెడుతున్నామో కూడా చూసుకోం.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నాకు నోరు కాస్త పెద్దది. కాస్త కాదు, బాగా పెద్దదని మా ఆయన అంటాడు. ఆ నోరు చేసిన ఘనకార్యం ఒకటి ఇందులో ఉంది. దాచకుండానే చెబుతాను.

బాబాయ్ ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోతుంది. మిగిలిన ఆ ఒక్క చేత్తోనే ఆయన చెయ్యని పని లేదు. బొత్తాలు పెట్టుకుంటాడు, బూటు తాడు ఒక కొస పళ్లతో పట్టుకుని ముడివేస్తాడు, టీ గ్లాసు ఎడమ మోచేతి మడతలో ఇరికించుకుని కుడిచేత్తో ఫోను మాట్లాడతాడు. చేతకానిది ఒక్కటే, గోళ్లు కత్తిరించుకోవడం. ఉన్న ఐదు గోళ్లకీ ఇంకో మనిషి కావాలి. "అందుకేగా మీ పిన్నిని చేసుకుంది," అంటాడు. పెళ్లినాటికి రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయని పిన్ని గుర్తుచేస్తుంది. దుప్పటి ఉతికితే పిండడానికి ఇద్దరూ పెరట్లోకి వస్తారు. ఒక కొస పిన్ని పట్టుకుని నిలబడుతుంది, రెండోది బాబాయ్ మెలితిప్పుకుంటూ పోతాడు. వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు నవ్వుతూ ఉంటారు. నాకు ఆ ఇల్లంటే ఇష్టం. మా ఇంట్లో అలిగినప్పుడు నేను వెళ్లేది అక్కడికే.

ఆ ఇంట్లో నవ్వు ఆగిపోయే మాట ఒక్కటుంది. అది పిన్ని తమ్ముడి మాట.

పదహారేళ్ల కిందట బాబాయ్ ఇదే లైనులో ఫిట్టరు. బాగా చెయ్యి తిరిగిన ఫిట్టరు. అప్పట్లో మీట దగ్గర ఉండేవాడు పిన్ని తమ్ముడు. బాబాయే చెప్పి ఉద్యోగంలో పెట్టించాడు. ఒక శనివారం పని అంతా అయిందనుకున్నారు. జిగురు రోలరు మీద ఎండిన పెళ్ల ఒకటి మిగిలిందని బాబాయ్ పక్కనుంచి చెయ్యి లోపలికి పెట్టాడు. మనిషి బయటే ఉన్నాడు. బావమరిది మీట దగ్గర్నుంచి తొంగి చూశాడు. నాలుగు తలలు కనిపించాయి, తనతో ఐదు. అందరూ బయటే ఉన్నారు కదా అని మీట వేశాడు.

ఆసుపత్రిలో పడుకుని బాబాయ్ ఆలోచించిందల్లా ఇదేనట. తల లోపలికి పెట్టే వెర్రివాడు ఎవడూ ఉండడు, లోపలికి పోయేవి చేతులు. మరి తలలు లెక్కపెడితే ఏం లాభం? తిరిగి వచ్చాక ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెడతామన్నారు. వద్దన్నాడు. "మీట దగ్గర పెట్టండి. ఈ లైను మీద ఇంకో చెయ్యి పోకూడదు. నేను బతికుండగా ఇంకేదీ అడగను," అన్నాడట. అన్నట్టే ఇంకేదీ అడగలేదు. అన్నట్టే ఇంకో చెయ్యి పోలేదు. ఆయన గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గానీ, ఈ ఒక్క సంగతిలో మాత్రం చెప్పుకుంటాడు.

బావమరిది ఆ వారమే ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోయాడు. ఆ తరవాత అక్క గడప తొక్కలేదు. బాబాయ్ మూడుసార్లు బస్సెక్కి వెళ్లాడు. మూడుసార్లూ ఇంట్లో లేడనే చెప్పించాడు. మూడోసారి కిటికీ వెనక చొక్కా కనిపించిందట. బాబాయ్ అరుగు మీద కాసేపు నిలబడి తిరిగొచ్చేశాడు. ఆ సంగతి పిన్నికి చాలాకాలం చెప్పలేదు.

ఇక బాబాయ్ పద్ధతి. మీట ఒక చిన్న అద్దాల గదిలో ఉంటుంది. మీటకి తాళం, తాళంచెవి బాబాయ్ మెళ్లో. గది ముందు నేల మీద పసుపు గీత గీయించాడు. పని అయ్యాక అందరం వచ్చి ఆ గీత మీద నిలబడి, దొరికిపోయిన దొంగల్లాగా రెండు చేతులూ పైకెత్తాలి. ఆయన అద్దం లోంచి ఒక్కో చెయ్యీ చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెడతాడు. ఆఖరున తన చెయ్యి కూడా ఎత్తి, "తొమ్మిది!" అని అరుస్తాడు. మేమూ "తొమ్మిది!" అని అరుస్తాం. అప్పుడు తాళం తీస్తాడు.

మొదట్లో అది లెక్కే. ఏళ్లు గడిచేసరికి పాటైపోయింది. ఆయన ఆరు దగ్గరుండగానే మేం తొమ్మిది అనేసేవాళ్లం. నాకైతే అదంతా ఒళ్లుమంట. నేను గ్రీజు పెట్టేది ఆఖరి రోలరు వెనక, గోడకీ లైనుకీ మధ్య. అక్కణ్నుంచి బయటికి రావాలంటే మోకాళ్ల మీద పాకి రావాలి. నేను నిలబడి చేతులెత్తితే అద్దాల గదిలోంచి కనిపిస్తాయి. "అక్కణ్నుంచే ఎత్తుతాను బాబాయ్, నీ కళ్లు బాగానే ఉన్నాయిగా," అని ఎన్నిసార్లు బతిమాలినా ఆయన వినలేదు. "గీత మీదికి రా. తిట్టుకుంటూ అయినా రా," అనేవాడు. నేను తిట్టుకుంటూనే వచ్చేదాన్ని.

పోయిన ఏడాది పిన్ని ఒక పట్టు పట్టింది. బాబాయ్ కృత్రిమ చెయ్యి పెట్టించుకోవాలని. అందం కోసం కాదు. వానలో బజారుకెళితే ఆయన గొడుగు పట్టుకుంటే సంచి పట్టుకోలేడు, సంచి పట్టుకుంటే గొడుగు పట్టుకోలేడు. రెండూ తనే మోయాల్సి వస్తోందని పిన్ని గోల. ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఒప్పుకున్నాడు. ఆ చెయ్యి తరవాత రెండు నెలలకి వచ్చింది. దాన్ని ఆయన గొడుగు పట్టుకోవడానికి తప్ప వాడడు, అది వేరే సంగతి. కొలతలు తీసుకోవడానికి ఆసుపత్రివాళ్లు ఇచ్చిన రోజు మాత్రం సరిగ్గా శనివారం.

రోజు మార్చమని బాబాయ్ ఎంత అడిగినా కుదరదన్నారు. మేనేజరేమో, బాబాయ్ ఆరేళ్లుగా సెలవు తీసుకోలేదు, ఈ ఒక్కరోజు తీసుకుంటే ఫ్యాక్టరీ మునిగిపోదన్నాడు. బాబాయ్‌కి బదులుగా స్టోరు గుమాస్తాని మీట దగ్గర పెట్టారు. ఆ ఎన్నిక తప్పని ఎవరూ అనలేరు. నలభయ్యేళ్ల మనిషి, గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడతాడు, కానీ లెక్కలో దిట్ట. పెట్టెడు బోల్టులు గుమ్మరిస్తే మనం టీ తాగేలోపు ఎన్నో చెప్పేస్తాడు, ఒక్కటి తేడా రాదు.

గురువారం, శుక్రవారం బాబాయ్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాడు. గీత మీద నిలబెట్టు, చేతులెత్తించు, లెక్కపెట్టు, ఆ తరవాత నాకు ఫోన్ చెయ్యి, నేను సరేనంటేనే తాళం తియ్యి. ఆ ఫోన్ మాట విని మేమంతా తెగ నవ్వాం. ఆసుపత్రిలో కొలతలు ఇస్తూ కూడా ఈయనకి మీట మీదే ధ్యాస అని ఫిట్టరు ఏడిపించాడు. బాబాయ్ పట్టించుకోలేదు. అన్నీ చెప్పిన మనిషి ఒక్కటి చెప్పలేదు, ఎన్ని రావాలో. ఆయనకి అది చెప్పాల్సిన సంగతని తోచలేదు. ఎదురుగా ఎవరున్నారో చూసి లెక్కపెట్టుకునేవాడికి ఎన్నని ముందే ఎందుకు చెప్పాలి?

శనివారం పొద్దున టీ తాగుతుంటే గుమాస్తా నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, లెక్క ఎంత రావాలి?"

"తొమ్మిది," అన్నాను. "పదహారేళ్లుగా అదే. తొమ్మిది వస్తే మీట వెయ్యి, ఎనిమిదొస్తే వెయ్యకు. బోల్టులు లెక్కపెట్టేవాడివి, ఇదో లెక్కా నీకు?"

అతను జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో తొమ్మిది అని వేసుకున్నాడు. ఫిట్టరు పక్కనే ఉన్నాడు, వదిన పక్కనే ఉంది. ఇద్దరూ తలూపారు. ఒక్కరికైనా బుర్ర వెలగలేదు.

నా నోరు అక్కడితో ఆగితే బాగుండేది. "ఇంకో మాట. బాబాయ్ లేడు కాబట్టి చెబుతున్నా. నేను ఆ వెనక నుంచే చెయ్యెత్తుతా. గీత దాకా పాకి రమ్మని నా ప్రాణం తియ్యకు," అన్నాను.

"బాబాయ్ గీత మీద..." అని ఏదో అనబోయాడు.

"బాబాయ్‌తో నేను చెప్పుకుంటాలే," అన్నాను. అతను పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా నోటికి జడిసేవాళ్లలో అతను మొదటివాడు.

పని పదకొండింటికి అయిపోవచ్చింది. నేను ఆఖరి రోలరు వెనక ఉన్నాను. చైనుకి గ్రీజు అంతటా అందాలంటే చక్రాన్ని ఎడమచేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ, కుడిచేత్తో రాస్తూ పోవాలి. చేతికి తొడుగులు వేసుకుని ఆ పని చెయ్యకూడదు. బాబాయ్ వందసార్లు చెప్పాడు. గ్రీజు మరకలు వారం దాకా వదలవని నేను వందసార్లూ వేసుకున్నాను. ఆరోజు తొడుగు కొస చైనుకీ పళ్లకీ మధ్య పడింది. నేను చూసుకోకుండా చక్రం ఇంకో ఇంచీ తిప్పాను. కుడిచేతి నాలుగు వేళ్లూ తొడుగుతో సహా లోపలికి లాగి పట్టేసింది.

నొప్పి లేదు. వేళ్లు పళ్ల మధ్య సందులో ఇరుక్కున్నాయి, నలగలేదు. చక్రం వెనక్కి తిప్పుదామంటే అది వెనక్కి తిరిగే రకం కాదు. లాగుదామంటే రాదు. సరే, ఫిట్టర్ని పిలిస్తే వచ్చి విప్పుతాడు అనుకుని అరిచాను. పక్క షెడ్డులో లైను నడుస్తోంది, ఆ మోతలో నా అరుపు నాకే వినపడలేదు. అంత పెద్ద నోరూ అవసరానికి పనికి రాలేదు. అందుకని ముందుకి వంగి, ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి రోలరుకి పైగా ఎత్తి ఊపాను. ఆగండి, ఎవరైనా రండి అని.

అద్దాల గదిలోంచి గుమాస్తా నా వైపే చూశాడు. చూసి తలూపాడు. నన్ను లెక్కలో వేసుకున్నాడని అప్పుడర్థమైంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గీత మీద ముగ్గురు నిలబడి చేతులెత్తి ఉన్నారు, వాళ్ల వీపులు నాకు కనిపిస్తున్నాయి. ఒక్కరూ వెనక్కి తిరగడం లేదు. గుమాస్తా వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. ఫిట్టరువి రెండు, వదినవి రెండు, బెల్టు అతనివి రెండు. నేను ఆగమని ఎత్తిన చెయ్యి ఒకటి. తనవి రెండు. అరచేతిలో రాసుకున్న అంకె ఒకసారి చూసుకున్నాడు. సరిగ్గా తొమ్మిది. ముగ్గురూ "తొమ్మిది!" అని అరిచారు, ఆ అరుపు మోతలో కూడా నాకు వినిపించింది. నేను కళ్లు మూసుకున్నాను. మా పిల్ల జడ గుర్తొచ్చింది. ఒంటి చేత్తో జడ ఎలా వేస్తారు అని, అంతకన్నా ఇంకేం తోచలేదు.

తరవాత గదిలో జరిగింది గుమాస్తా చెప్పగా విన్నదే. అతను చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి కనక తాళం ముట్టుకోకుండా ముందు ఫోన్ చేశాడు. బాబాయ్ ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఎన్ని?" అన్నాడు, ఇంకే మాటా లేకుండా.

"తొమ్మిది బాబాయ్."



"తొమ్మిదేంటయ్యా? నా చెయ్యి నా దగ్గరే ఉంది కదా! అక్కడ ఐదుగురూ రెండేసి చేతులవాళ్లే. పది రావాలి. పదోది ఎక్కడుంది?"

గుమాస్తా అద్దం లోంచి మళ్లీ నా వైపు చూశాడు.

"మీట ముట్టుకోకు. నీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకో. పెట్టుకుని ఫిట్టర్ని కేకెయ్యి," అన్నాడు బాబాయ్.

రెండు చేతులూ జేబుల్లో పెట్టాలంటే ఫోన్ ఎక్కడ పట్టుకోవాలి? అతను ఫోన్ వదిలేశాడు. అది కిందపడి పగిలింది. అతను చేతులు జేబుల్లో పెట్టుకుని, భుజంతో తలుపు నెట్టుకుని బయటికొచ్చి, "అక్క చెయ్యి! అక్క చెయ్యి!" అని కేకలు పెట్టాడు. ఫిట్టరు పరుగెత్తుకొచ్చి చైను విప్పి, బ్లేడుతో తొడుగు కోసి నా చెయ్యి బయటికి తీశాడు. చూపుడువేలి మీద చిన్న గీరుడు, అంతే. గోరు కూడా విరగలేదు. నేను నేల మీద కూలబడి ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ ఉన్నాను. గుమాస్తా గీత దగ్గరే నిలబడిపోయాడు. నన్ను బయటికి తీసి అరగంటైనా అతను జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.

అరగంట తరవాత నాకు నోరు తిరిగొచ్చింది. ఎంత తిట్టాలో అంతా తిట్టాను. కళ్లున్నాయా లేవా అన్నాను, ఊపే చేతికీ ఎత్తిన చేతికీ తేడా తెలీదా అన్నాను.

మధ్యాహ్నానికి బాబాయ్ ఆసుపత్రి నుంచి నేరుగా ఫ్యాక్టరీకే వచ్చాడు. కొలత కోసం పోసిన సుద్ద ఎడమ మణికట్టు మీద ఇంకా అంటుకునే ఉంది. ముందు నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేళ్లు ముడవమన్నాడు, తెరవమన్నాడు. ఆ తరవాత స్టూలు మీద కూర్చున్నాడు.

"చూడు బాబాయ్, తొమ్మిది వచ్చాయట తొమ్మిది! నా చెయ్యి పోయేది!" అన్నాను.

"తొమ్మిది రావాలని అతనికి ఎవరు చెప్పారు?" అన్నాడు బాబాయ్. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

ఫిట్టరు నేల చూశాడు, వదిన నేల చూసింది. గుమాస్తా నా పేరు చెప్పొచ్చు. చెప్పలేదు. నాకు తల తీసేసినట్టయింది.

"నేనే," అన్నాను. "వెనక నుంచి చెయ్యెత్తుతానని చెప్పింది కూడా నేనే."

బాబాయ్ నన్నేమీ అనలేదు. "తప్పు నాది కూడా. నా లెక్కని మీకు పాటలాగా నేర్పాను," అన్నాడు. అదే నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

సోమవారం గుమాస్తా పనిలోకి రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం అతని భార్య వచ్చి, ఆయన ఇక ఫ్యాక్టరీకి రారనీ, వేరే పని వెతుక్కుంటారనీ మేనేజరుతో చెప్పి వెళ్లింది. ఆ మాట వినగానే బాబాయ్ మొహం నల్లబడింది. అంత నలుపు ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం గంట కొట్టగానే, "నువ్వూ రా," అని నన్ను లేవదీశాడు.

గుమాస్తాది మేడ మీద రెండు గదుల ఇల్లు. తలుపు అతని భార్య తీసింది.

"ఆయన ఇంట్లో లేరండీ," అంది. గుమ్మం పక్కన అతని చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి.

"ఫర్వాలేదమ్మా. వచ్చేదాకా కూర్చుంటాం," అని బాబాయ్ లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. నేను చాప మీద కూర్చున్నాను. ఆమె ఏం చెయ్యాలో తోచక మంచినీళ్లిచ్చింది, కాసేపాగి టీ ఇచ్చింది. నేను గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లిపోదామని సైగ చేశాను.

"కదలకు," అన్నాడు బాబాయ్ మెల్లగా. "మా బావమరిది ఇంటి నుంచి మూడుసార్లు లేచొచ్చేశాను. అదే నేను చేసిన తప్పు."

అరగంటకి లోపలి గది తలుపు తెరుచుకుంది. గుమాస్తా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"తొమ్మిదని చెప్పింది నేను. తిట్టింది కూడా నేనే. నాదే తప్పు తమ్ముడూ," అన్నాను. ఇంటి దగ్గర ఆ మాట ఇరవైసార్లు అనుకుని వచ్చాను.

"లెక్కపెట్టింది నేను కదక్కా," అన్నాడు. బాబాయ్ వైపు తిరిగి, "మీరు ఫోన్ ఎత్తకపోతే నేను వేసేసేవాణ్ణి. కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోంది," అన్నాడు.

"ఎత్తాను కదా," అన్నాడు బాబాయ్. "ఇలా కూర్చో. నా మాట విను. అప్పుడు నా చెయ్యి మణికట్టు దాకే పోయింది. మీట వేసినవాడు మొత్తం పోయాడు. నాకు ఈ చెయ్యి లేదని ఏ రోజూ ఏడవలేదయ్యా. మీ పిన్ని తన తమ్ముడి కోసం ఏడవని రోజు లేదు, నేనూ ఏడుస్తాను. శనివారం నీ ఫోన్ రాగానే నేను కాపాడుకుందామనుకున్నది దీని చెయ్యొక్కటే కాదు. దీని చెయ్యి దక్కింది. నువ్వు కూడా దక్కితేనే నాకు మొత్తం దక్కినట్టు. రేపు పనిలోకి రా. శనివారం మీట నువ్వే వెయ్యాలి."

అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున స్టోరు తలుపు తీసి ఉంది. నేను లోపలికి తొంగి చూడలేదు గానీ, పెట్టెలోకి బోల్టులు పడుతున్న చప్పుడు విన్నాను. ఆ చప్పుడు నాకు ఎంత బాగుందో చెప్పలేను.

ఆ వారంలో బాబాయ్ తన పద్ధతి తనే మార్చేశాడు. ఇక మొత్తం లెక్క లేదు, అరుపులు లేవు. అద్దాల గదికి చిన్న కిటికీ కోయించాడు. ఒక్కొక్కరే వచ్చి ఆ కిటికీ చెక్క మీద తమ చేతులు పెట్టాలి. లోపల ఉన్నవాడు చూసి ఎన్నో చెప్పాలి. చెప్పాక పక్కకి జరగాలి. చివరి మనిషి జరిగితేనే తాళం. అలా అయితే చాలాసేపు పడుతుందని మేనేజరు గొణిగాడు. పట్టనివ్వండి అన్నాం నలుగురమూ ఒక్కసారే.

శనివారం పని అయింది. తాళంచెవి గుమాస్తా మెళ్లో ఉంది. బాబాయ్ బయట, మాతోపాటు వరసలో నిలబడ్డాడు. ఫిట్టరు చేతులు పెట్టాడు, రెండన్నాడు గుమాస్తా. వదిన పెట్టింది, బెల్టు అతను పెట్టాడు. బాబాయ్ తన ఒక్క చెయ్యీ పెట్టాడు. "ఒకటి," అన్నాడు గుమాస్తా. "అంతే, ఉన్నది అదే," అని బాబాయ్ నవ్వుతూ జరిగాడు.

నేను ఆఖరి రోలరు వెనక నుంచి మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చాను. ఈసారి తిట్టుకోలేదు. తొడుగులు లేవు, రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా గ్రీజు. వాటిని కిటికీ చెక్క మీద పక్కపక్కన పెట్టాను.

గుమాస్తా వాటినే చూస్తున్నాడు. పెదవులు కదలడం లేదు. కళ్లనిండా నీళ్లు. అలా ఇంకాసేపు ఉంటే నేనూ ఏడ్చేస్తానని తెలిసి నోరు చేసుకున్నాను.

"ఏమయ్యా, పెట్టెడు బోల్టులు చిటికెలో లెక్కపెడతావు. రెండు చేతులకి ఇంతసేపా?"

"రెండు," అన్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. "రెండూ ఉన్నాయక్కా," అని తాళం తీశాడు.